బ్యాగు మోసిన కుర్రాడే ఛాంపియన్!

గోల్ఫ్ అంటే కలవారి ఆట. క్లబ్బులో సభ్యత్వం ఉన్నవాళ్లు ఆడతారు, లేనివాళ్లు వాళ్ల బ్యాగులు మోస్తారు. వందేళ్ల కిందట అమెరికాలో పద్ధతి ఇదే. దాన్ని తలకిందులు చేసినవాడు ఇరవయ్యేళ్ల ఫ్రాన్సిస్ వీమెట్.

ఇంటి ముందే మైదానం

వీమెట్‌ది మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లిన్. రెక్కాడితేగానీ డొక్కాడని కుటుంబం. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే ‘ది కంట్రీ క్లబ్’ పదిహేడో హోల్. బడికి వెళ్తూ వస్తూ, ఆటగాళ్లు పోగొట్టుకున్న బంతులు ఏరుకునేవాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో అన్నతో కలిసి మూడు హోల్స్ తవ్వుకుని ఆడేవాడు. ఆనక ఆ క్లబ్బులోనే కేడీగా, అంటే బ్యాగులు మోసేవాడిగా చేరాడు. పదహారేళ్లు దాటాక డబ్బుకు బ్యాగులు మోస్తే ప్రొఫెషనల్‌గా జమకట్టే రోజులవి. అమెచ్యూర్‌గానే, అంటే డబ్బు కోసం ఆడని ఆటగాడిగానే ఉండాలని ఆ పని మానేశాడు. తర్వాత ఆటసామగ్రి అమ్మే దుకాణంలో కుదిరాడు.

ఆ ఒక్క పట్!

1913 సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌కు ఆ క్లబ్బే వేదికైంది. బ్రిటన్ నుంచి దిగ్గజాలు దిగారు. హ్యారీ వార్డన్ అప్పటికే అయిదుసార్లు బ్రిటిష్ ఓపెన్ విజేత. టెడ్ రే 1912లో అదే టోర్నీ ఛాంపియన్. వాళ్లతో సమం కావాలంటే చివరి రెండు హోల్స్‌లో ఒకదానిలో వీమెట్‌కు బర్డీ (నిర్ణీత స్ట్రోకుల కన్నా ఒకటి తక్కువ) పడాలి. పదిహేడో హోల్‌లో, తన ఇంటికి ఎదురుగా, దూరం నుంచి పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) కొట్టాడు. పక్క రోడ్డు మీద కార్ల హారన్లు మోగుతున్నా చూపు చెదరలేదు. బంతి సరాసరి హోల్‌లో పడింది. ముగ్గురూ 304 స్ట్రోకుల దగ్గర సమమయ్యారు.

మర్నాడు వానలో ప్లేఆఫ్. వీమెట్ కేడీ ఎడ్డీ లోవరీకి పదేళ్లు. అంత చిన్నవాడు వద్దు, పెద్దవాణ్ని పెట్టుకోమన్నా వీమెట్ ఒప్పుకోలేదు. కేడీ కష్టం తెలిసినవాడు మరి! ఆ పిల్లవాడే పక్కనుండగా 72 స్ట్రోకుల్లో ముగించాడు. వార్డన్ 77, రే 78. యూఎస్ ఓపెన్ గెలిచిన తొలి అమెచ్యూర్ అయ్యాడు వీమెట్.

గెలిచినవాడికే వేటు

1914లో యూఎస్ అమెచ్యూర్ టైటిల్ కూడా అతనిదే. కానీ 1916లో, ఆటసామగ్రి దుకాణం తెరిచినందుకు అమెరికా గోల్ఫ్ సంఘం అతని అమెచ్యూర్ హోదా తీసేసింది. ఆస్తిపరులకు ఏ ఇబ్బందీ పెట్టని నిబంధన, పని చేస్తేగానీ పూట గడవనివాడి మెడకు చుట్టుకుంది. ఇది అన్యాయం. అతను కావాలనుకుంటే ప్రొఫెషనల్‌గా మారి నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు. ఆ దారి పట్టలేదు. సైన్యంలో చేరాక, 1918లో హోదా తిరిగొచ్చింది. 1931లో, మొదటిసారి గెలిచిన పదిహేడేళ్లకు, యూఎస్ అమెచ్యూర్‌ను మళ్లీ గెలిచాడు. 1951లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు అతన్ని కెప్టెన్‌గా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ అతనే.

వీమెట్ గొప్పతనం ట్రోఫీల దగ్గర ఆగదు. ఆట కలవారి సొత్తు కాదని తేల్చాడు. 1949లో మిత్రులు అతని పేరిట స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. గోల్ఫ్ మైదానాల్లో పనిచేసే పిల్లల కాలేజీ చదువుకు అది నేటికీ సాయం చేస్తోంది.