ఉక్కునగరి నడిబొడ్డున ఉద్యానం: జంషెడ్‌పుర్ జూబ్లీ పార్కు కథ

ఝార్ఖండ్‌లోని టాటానగర్ స్టేషన్‌లో దిగేవారికి మొదట గుర్తొచ్చేది ఉక్కు కర్మాగారమే. ఆ కర్మాగారానికి చేరువలోనే 200 ఎకరాలకు పైగా విస్తరించిన జూబ్లీ పార్కు ఉంది. కొలిమి వేడితో బతికే నగరానికి ఇది నీడనిచ్చే చోటు.

ఈ ఉద్యానానికి బీజం కర్మాగారం కంటే ముందే పడింది. పారిశ్రామికవేత్త జంషెట్జీ టాటా 1902లో కుమారుడు దొరాబ్జీకి రాసిన లేఖలో కార్మికుల పట్టణం ఎలా ఉండాలో వివరించారు. వెడల్పాటి వీధులు, త్వరగా పెరిగే నీడ చెట్లు, పచ్చిక బయళ్లు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనాలయాలకు చోటు ఉండాలని సూచించారు. అది చూడకుండానే ఆయన 1904లో కన్నుమూశారు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. సాక్చి గ్రామ ప్రాంతంలో వెలసిన పట్టణానికి 1919లో ఆయన పేరు పెట్టారు. కాలిమాటి రైల్వేస్టేషన్ టాటానగర్‌గా మారింది.

సంస్థ స్వర్ణోత్సవాలకు గుర్తుగా ఈ పార్కును నిర్మించారు. మైసూరు బృందావన్ గార్డెన్స్ దీనికి స్ఫూర్తి. ఆ ఉద్యాన రూపకల్పనలో పాలుపంచుకున్న జర్మన్ నిపుణుడు జి.హెచ్. క్రుంబీగల్, బి.ఎస్. నిరోడితో కలిసి ప్రణాళిక సిద్ధం చేశారు. 1958 మార్చి 1న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీన్ని ప్రారంభించారు. గులాబీ తోట, ఫౌంటెన్లు, జయంతి సరోవర్, జంతు ప్రదర్శనశాల ఇక్కడి ఆకర్షణలు. ఏటా మార్చి 3న జంషెట్జీ జయంతికి పార్కు విద్యుద్దీపాలతో వెలిగిపోతుంది.

ఇలాంటి తోటలు ఐరోపాలో తరచూ కోటగోడల లోపల పుట్టాయి. స్కాట్లాండ్‌లోని క్రేథస్ కోట అందుకు ఉదాహరణ. 16వ శతాబ్దంలో నిర్మించిన ఆ కోటలో బర్నెట్ వంశం దాదాపు 400 ఏళ్లు నివసించింది. అక్కడి యూ చెట్ల కంచెలను 1702లో నాటారు. 20వ శతాబ్దం మధ్యలో వారసత్వ పరిరక్షణ సంస్థకు అప్పగించాకే ఆ కోట, తోట ప్రజల సొత్తులా మారాయి.

జంషెడ్‌పుర్‌లో తీరు వేరు. ఇక్కడా ఒక కుటుంబం పేరే ముందుంది. ఆ కుటుంబ సంస్థే పార్కును నిర్మించింది. అయితే ఇది వంశం విహరించేందుకు కాక, తొలినుంచీ నగర ప్రజల కోసమే పుట్టింది. ఉపాధి వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగువారు సహా ఎన్నో భాషల కుటుంబాలు సాయంత్రాలు ఇక్కడ సేదతీరుతాయి. లాభనష్టాల లెక్కల్లో చెట్టు నీడకు పద్దు ఉండదు. కర్మాగారం కట్టేముందే దానికి చోటు కేటాయించాలన్న ఆలోచనే ఈ ఉద్యానం అసలు విలువ. కొత్తగా పారిశ్రామిక పట్టణాలు కట్టేవారికి ఇది నేటికీ పాఠమే.