మోర్స్ కూతలు: చెవి మేలా? కంప్యూటర్ మేలా?

తంతి వచ్చిందంటే గుండె గుభేలుమన్న రోజులు మన పల్లెల్లో పెద్దవాళ్లకు గుర్తే. ఆ టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో మూతపడింది. ఒకనాడు దానికి ప్రాణమైన మోర్స్ లిపి మాత్రం బతికే ఉంది. సరదాకు వైర్‌లెస్ నడిపే హామ్ రేడియోవాళ్లు నేటికీ వాడుతున్నారు. ఆ కూతలు విని తెరమీద అక్షరాలు రాసిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములూ వచ్చాయి. మరి ఆపరేటర్ చెవితో పనేముంది?

లెక్క సులువే. చుక్క ఒక పాలైతే గీత మూడు పాళ్లు. అక్షరాల నడుమ మూడు పాళ్ల మౌనం, మాటల నడుమ ఏడు. కొలతలో యంత్రాన్ని మించినవారు లేరు. సంకేతం తేటగా వస్తే తడబడదు, అలసిపోదు. 2008లో వచ్చిన 'సి.డబ్ల్యు. స్కిమ్మర్' ఒకేసారి వందల స్టేషన్లను చదువుతుంది. మనిషికి ఒక్కటి వినడమే గగనం.

చిక్కల్లా తేటగా రానప్పుడే. ఉరుముల చిటపటను యంత్రం చుక్క అనుకుంటుంది. చుక్క ఒక్కటే అయితే ఇంగ్లీషు 'ఇ'. అందుకే తెరనిండా 'ఇ'లు పడుతుంటాయి. చేత్తో కొట్టేవాడు తొందరపడితే మరీ కష్టం. 'ఎ'కి చుక్క, గీత. 'ఎన్'కు గీత, చుక్క. నడుమ ఎడం తగ్గిందా, రెండూ కలిసి 'పి' అయి కూర్చుంటాయి. యంత్రం 'పి' అనే రాస్తుంది. అనుభవమున్న ఆపరేటర్ ముందువెనుకలు చూసి అసలు మాట పట్టేస్తాడు. తిరునాళ్ల గోలలో బిడ్డ గొంతు తల్లి పోల్చుకోవడం లాంటిదే ఇది. స్టేషను గుర్తుల దగ్గర మాత్రం ఊహ పనికిరాదు. అక్కడ మళ్లీ పంపమని అడగాల్సిందే.

అయితే చెవి నిద్రపోతుంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునుగుతూ వైర్‌లెస్‌లో మొరపెట్టుకున్న రాత్రి, చేరువలోని కాలిఫోర్నియన్ ఓడలో ఉన్న ఒకే ఒక్క ఆపరేటర్ అప్పటికే పడుకున్నాడు. టైటానిక్‌లో సుమారు 1,500 మంది చనిపోయారు. తర్వాతి కాలంలో ఓడల్లో ఆటో అలారం పెట్టారు. ఆపదలో ఉన్న ఓడ ముందుగా నాలుగేసి సెకన్ల గీతలు 12, ఒక్క నిమిషంలో పంపాలి. అది విని అవతలి ఓడలో యంత్రం గంట కొడుతుంది. ఆపరేటర్ లేచివచ్చి వార్త రాసుకుంటాడు. ఉరుములకే గంట మోగి ఉత్తపుణ్యానికి నిద్ర చెడిన రాత్రులూ లేకపోలేదు. 1999లో కొత్త పద్ధతి పూర్తిగా అమలయ్యాక ఓడలకు మోర్స్ అవసరం తీరిపోయింది.

హామ్‌లలోనూ చాలామందిది ఇలాంటి పొత్తే. ఎవరు ఎక్కడ పిలుస్తున్నారో కంప్యూటర్ చూపిస్తుంది. హెడ్‌ఫోను తగిలించుకుని, చెవితో విని సరిచూసుకున్నాకే జవాబు కొడతారు.