ఉమ్మడి వైఫైలో క్షేత్ర సమాచారాన్ని వేగంగా పంపే విధానాలు

మహానంది పరిసరాల అరటి తోటలలో, నంద్యాల ప్రాంతపు శనగ పొలాలలో సేకరించే ఛాయాచిత్రాలు, నేల తేమ కొలతలు సకాలంలో సర్వరుకు చేరితేనే ప్రయోజనం ఉంటుంది. సిగటోక ఆకుమచ్చ తెగులు చిత్రం రెండు రోజులు ఆలస్యమైతే రైతుకు అందవలసిన సలహా కూడా అంతే ఆలస్యమవుతుంది.

జాప్యానికి కారణాలు

ఒక వైఫై చానెల్‌లో సాధారణంగా ఒక సమయంలో ఒక పరికరమే పంపగలదు. కాలువ కింద అందరూ ఒకేసారి తూములు ఎత్తితే చివరి పొలానికి నీరందనట్లే ఇక్కడా జరుగుతుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైన అలోహా వ్యవస్థలో పరికరాలు ఇష్టానుసారం పంపేవి. ఆ పద్ధతిలో చానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే సద్వినియోగమవుతుందని సిద్ధాంతం చెబుతుంది. వైఫై పరికరాలు ముందు విని, కొంత ఆగి పంపుతాయి. అయితే తోట రెండు చివరల ఉన్న ఫోన్లు ఒకదానినొకటి వినలేక ఢీకొనవచ్చు. దూరాన 6 మెగాబిట్ల వేగంతో పంపే ఫోను, 54 మెగాబిట్ల ఫోను కంటే అదే సమాచారానికి సుమారు 9 రెట్ల సమయం తీసుకొని ఇతరులనూ నిలిపివేస్తుంది. నీటిశాతం అధికంగా గల అరటి ఆకులు సంకేతాన్ని బలహీనపరుస్తాయి.

ఒక లెక్క

20 మంది విద్యార్థులు ఒక్కొక్కరు 4 మెగాబైట్ల చిత్రాలు 100 చొప్పున పంపాలనుకుందాం. ఉమ్మడి అప్‌లోడ్ వేగం సెకనుకు 4 మెగాబిట్లయితే, ఏ ఆటంకం లేకున్నా సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. చిత్రాన్ని అర మెగాబైటుకు కుదిస్తే 33 నిమిషాలు చాలు.

పాటించవలసిన పద్ధతులు

• చిత్రాలను కుదించి పంపాలి. మచ్చల విస్తీర్ణం కొలిచే మూల చిత్రాలను మాత్రం మెమరీ కార్డులో భద్రపరచాలి.
• కొలతల పట్టికలను ముందు, చిత్రాలను తరువాత, బృందాలవారీగా వంతులు వేసుకొని పంపాలి.
• స్థిరంగా ఉండే కంప్యూటర్లను కేబుల్‌తో కలిపితే గాలిలోని వంతు ఫోన్లకు మిగులుతుంది.
• రౌటరును ఆకుల ఎత్తుకు పైన, గది మధ్యన అమర్చాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క రౌటర్లకు 1, 6, 11 చానెళ్లను కేటాయించాలి.
• దగ్గరి పరికరాలకు 5 గిగాహెర్ట్జ్ వాడాలి. గోడలు, చెట్లు దాటవలసిన చోట 2.4 మేలు.
• సంకేతం లేని పొలంలో ఫోనులోనే నమోదు చేసి, కేంద్రానికి చేరాక పంపాలి.

ఇంటర్నెట్ లైను వేగమే తక్కువైతే కొత్త రౌటరు కొన్నా ఫలితం ఉండదు. అందువల్ల ముందు కేబుల్ ద్వారా, తరువాత వైఫై ద్వారా వేగాన్ని కొలిచి, లోపం ఎక్కడుందో నిర్ధారించుకొన్న తరువాతే ఖర్చు చేయడం శ్రేయస్కరం.