గుర్రం రక్తంలో జబ్బు జాడ

గుర్రం రక్తాన్ని గడ్డకట్టకుండా చూసి గాజు గొట్టంలో నిలబెడితే ఎర్రకణాలు చూస్తుండగానే అడుగుకు దిగిపోతాయి. నాణేల దొంతరలా ఒకదానిపై ఒకటి పేరుకోవడం వాటి స్వభావం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు రాబిన్ ఫారియస్ 1921లో ఈ దిగుడు వేగాన్ని మనుషుల జబ్బుకు కొలమానంగా చూపించాడు. ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే ఈఎస్ఆర్ అదే. గుర్రం దగ్గర మాత్రం ఆ కొలత అంతగా అక్కరకు రాలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అంత వేగం ఉంటే, జబ్బు తెచ్చిన తేడా దానిలో కలిసిపోతుంది.

పశువైద్యులకు ఎక్కువకాలం ఆసరా అయినది ఫైబ్రినోజెన్. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఈ ప్రోటీన్‌ను, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే, కాలేయం మరింతగా తయారుచేస్తుంది. కొలిచే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. సన్నని నాళికలో రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాలోని మొత్తం ప్రోటీన్‌ను రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తారు. రెండో నాళికను అలాగే తిప్పి, 56 నుంచి 58 డిగ్రీల వేడినీటిలో మూడు నిమిషాలు ఉంచి మళ్లీ తిప్పితే ఫైబ్రినోజెన్ విరిగి కిందికి చేరుతుంది. మిగిలిన ప్లాస్మాను మళ్లీ కొలిస్తే, రెండు అంకెల తేడాయే ఫలితం. మామూలుగా లీటరుకు 2 నుంచి 4 గ్రాములు ఉంటుంది. ఖరీదైన రసాయనాలేవీ అక్కర్లేదు. లోపమల్లా నిదానమే: పెరగడానికి ఒక రోజు పైనే పడుతుంది, పెరిగినా రెండు మూడు రెట్లే, తగ్గడానికి ఇంకా ఆలస్యం.

ఆ లోపాన్ని తీర్చినది సీరమ్ అమైలాయిడ్ ఏ, పొట్టిగా ఎస్ఏఏ. 1970లలో మనుషుల అమైలాయిడ్ జబ్బును పరిశోధిస్తున్నవారికి దొరికిన ప్రోటీన్ ఇది. గుర్రాల్లో దీన్ని నమ్మకంగా కొలవవచ్చని బ్రిటన్‌కు చెందిన మార్క్ పెపిస్ బృందం 1989లో చూపించింది. ఆరోగ్యమైన గుర్రంలో ఇది దాదాపు లేనట్టే. న్యుమోనియా వంటి ఇన్‌ఫెక్షన్ సోకితే గంటల్లోనే పెరగడం మొదలై, రెండు రోజుల్లో వందల రెట్లకు చేరగలదు. కారణం తొలగితే అంతే చురుగ్గా పడిపోతుంది. తెల్లకణాల లెక్క బెదురుకీ పరుగుకీ కూడా మారుతుంది. ఎస్ఏఏ అలా కాదు. విత్తులు తీసే ఆపరేషన్ తర్వాత ఏ గుర్రంలోనైనా ఇది పెరుగుతుంది కాబట్టి, ఒక్క రోజు అంకెను చూసి కంగారు పడనక్కర్లేదు. రోజులు గడిచినా దిగకపోతే మాత్రం గాయం చీము పట్టిందేమో చూడాలి. చాలాకాలం పెద్ద ల్యాబ్ యంత్రాలకే పరిమితమైన ఈ పరీక్ష, ఐర్లండ్‌లో రూపొందిన స్టేబుల్‌ల్యాబ్ వంటి చేతి పరికరాలతో గుర్రపుశాలకే వచ్చింది.

గుర్రం బతుకుతుందా లేదా అన్న ప్రశ్నకు, ముఖ్యంగా కడుపునొప్పిలో, లాక్టేట్ మెరుగైన జవాబిస్తుంది. పేగు మెలిపడి రక్తప్రసరణ ఆగితే కణజాలం ఆక్సిజన్ అందక లాక్టేట్‌ను వదులుతుంది. రక్తంలో లీటరుకు 2 మిల్లీమోల్‌ల లోపు ఉండాల్సింది పెరుగుతుంది. పొట్టలోని ద్రవంలో రక్తంలో కంటే ఎక్కువుంటే పేగు దెబ్బతిందన్న అనుమానం బలపడుతుంది. చికిత్స చేస్తున్నా దిగిరాకపోతే ఆశ సన్నగిల్లినట్టే.

ఈ పరీక్షల్లో ఏది అందుతుందన్నది గుర్రం బతుకును బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఢిల్లీ చుట్టుపక్కల గుర్రాలది ఒకే రకం బతుకు కాదు. రేస్‌క్లబ్ గుర్రాలు, రాష్ట్రపతి అంగరక్షక దళం అశ్వాలు ఒకవైపు. పెళ్లి ఊరేగింపుల గుర్రాలు, ఇటుక బట్టీల బండ్లు లాగేవి మరోవైపు. బట్టీ దగ్గరి గుర్రానికి చేతి పరికరంలో వాడే ఖరీదైన ఎస్ఏఏ స్ట్రిప్ కంటే పాత వేడినీటి పరీక్షే అందుబాటు.

ఈ కొలతలు మంట ఎంతుందో చెబుతాయి గాని, ఎవరు పెట్టారో చెప్పవు. 2018 మొదట్లో ఢిల్లీ గుర్రాల్లో గ్లాండర్స్ బయటపడింది. మనుషులకూ సోకే ఈ బ్యాక్టీరియా జబ్బును ఎస్ఏఏతో నిర్ధారించలేరు. దానికి ప్రత్యేక యాంటీబాడీలను వెతికే రక్తపరీక్షలు కావాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఆ పరీక్షలు చేస్తుంది. బ్యాక్టీరియాలోని హెచ్‌సీపీ1 ప్రోటీన్ ఆధారంగా ఎలైసా పరీక్షనూ అభివృద్ధి చేసింది. జబ్బు ఖాయమైన గుర్రాన్ని 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం కింద చంపేస్తారు. చుట్టుపక్కల గుర్రాల రక్తాన్నీ తీసి పరీక్షిస్తారు.