ఆపన్నులకు తోడుపడువారికి చట్టపు రక్ష



నేను ఉపాధ్యాయుడనై యుండిన దినములలో, ఒక సాయంకాలము కరీంనగరమునుండి వచ్చి బస్సు దిగి యింటికి నడచుచుండగా, బాట ప్రక్కన నొక మనుష్యుడు వాహనము తగిలి నెత్తుటితో పడియుండెను. వెంటనున్నవారు "సారూ, ముట్టకుండ్రి, రేపు కోర్టుల చుట్టు తిరగాలె" అనిరి. నేను వెడలిపోతిని. పిల్లలకు పరోపకారము బోధించిన నోరు ఆనాడు మూతపడెను. ఆతడేమయ్యెనో నేటికి నెరుగను.

ఆ భయమునకు నేడు తావు లేదు. సేవ్ లైఫ్ ఫౌండేషన్ అను సంస్థ 2012లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తీర్పు చెప్పి, సహాయకుల రక్షణకై కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములను దేశమంతట పాటింపవలెనని శాసించెను. పిమ్మట 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఎ అను విభాగము చేరెను. 2020 సెప్టెంబరులో దాని నియమములు వెలువడెను.

వాని సారమిది. ప్రతిఫల మాశింపక, సద్బుద్ధితో, వాహన ప్రమాదమున గాయపడినవానికి తోడుపడినవానిపై, ఆ సహాయమున నేమరుపాటు జరిగి యాతడు మరణించినను దావా గాని నేరారోపణ గాని నిలువదు. పేరు, ఊరు చెప్పుమని పోలీసులు నిర్బంధింపరాదు. సాక్ష్యమిచ్చుట యాతని యిష్టము. అందుల కొప్పుకొన్నచో, ఆతనికి వీలైన చోటనే, ఒక్కమారే వాఙ్మూలము తీసికొనవలెను. ఆసుపత్రివారు ఆతనిని నిలుపరాదు, సొమ్మడుగరాదు. పోలీసు కాగితములకై కాచుకొనక చికిత్స చేయుట వైద్యుల విధియని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు కలదు. అయితే ప్రమాదము చేసిన చోదకుడు ఈ రక్షను అడ్డుపెట్టుకొనజాలడు. గాయపడినవానికి వైద్యము సమకూర్చుట ఆతని బాధ్యత.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుబాటలో బస్సు లోయలో బడి 60 మందికి పైగా అసువులు బాసిరి. అట్టి తావులకు ముందుగా చేరగలవారు చుట్టుపట్ల గ్రామస్థులే. నిర్మల, ఆదిలాబాదుల మీదుగా పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కనున్న పల్లెలకును ఇదియే వర్తించును.

కావున రచ్చబండకడ యువకులకు చెప్పుడు: మొదట 108కి ఫోను చేయవలెను, నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డ నదిమి పట్టవలెను, అగ్నిభయము వంటిది లేనిచో మెడను కదలింపరాదు.

నాడు నేను విడిచిపోయినవానిని తిరిగి తెచ్చుకొనలేను. మీ పల్లె బాటలో నింకొకడు అట్లు ఒంటరిగా పడియుండకుండ జూచుట మీ చేతిలోనున్నది.