స్టేడియాలు వచ్చాయి, మరి మన పిల్లల మైదానం?

2030 కామన్‌వెల్త్ క్రీడలకు అహ్మదాబాద్ వేదిక కానున్నది. 2036 ఒలింపిక్స్‌ను సైతం మన దేశంలో నిర్వహించాలని ప్రభుత్వం ఉవ్విళ్లూరుతున్నది. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నూతన జాతీయ క్రీడా విధానం వెనుక ఉన్న ఆశయాల్లో అదీ ఒకటి. ఇంతటి ఆర్భాటం వలన సందులో బంతి వెంట పరుగెత్తే పిల్లవానికి, బడి వదలగానే నేరుగా ఇల్లు చేరే ఆడపిల్లకు ఒరిగేదేమిటి? సమాధానం కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన దేశ అనుభవమే చాలు.

1982 నవంబరులో ఢిల్లీలో తొమ్మిదవ ఆసియా క్రీడలు ప్రారంభమయ్యాయి. కేంద్రంలో క్రీడల శాఖ ఏర్పడింది ఆ క్రీడల సందర్భంగానే. ఉత్సవం ముగిసిన పిదప జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి భారీ కట్టడాలు మిగిలాయి. వాటి ఆలనాపాలనా చూచుటకు, సద్వినియోగపరచుటకు 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ పుట్టింది. అందరూ ‘సాయ్’ అని పిలిచేది దీనినే. మొట్టమొదటి జాతీయ క్రీడా విధానం వెలువడిందీ ఆ యేడే. ప్రతిభగల బాలబాలికలను చిన్న వయసులోనే గుర్తించి తర్ఫీదు ఇప్పించే పథకం 1985లో మొదలైంది. ముందు పండుగ, తరువాత భవనాలు, ఆ తరువాతే పిల్లలు. ఇదీ వరుస!

అలాగని దాని ఫలితాన్ని తక్కువ చేసి చెప్పలేము. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2009లో విశాఖపట్నంలోని సాయ్ కేంద్రంలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వి. రావు వద్ద శిక్షణ పొందారు. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచారు. ఢిల్లీ స్టేడియాల బాగోగులకై పుట్టిన సంస్థ, పాతికేళ్లకు ఒక జిల్లా పట్టణపు ముస్లిం బాలికకు గురువును చూపింది. అయితే ఒక సంగతి మరువరాదు. ఆమెను మొదట మైదానానికి తీసుకువెళ్లింది ఏ పథకమూ కాదు, తండ్రి జమీల్ అహ్మద్. ఆడపిల్లకు బాక్సింగ్ ఏమిటన్న ఇరుగుపొరుగు మాటలను ఆయన లెక్కచేయలేదు. అప్పటికే ఊరి మైదానంలో కాలు మోపిన బిడ్డనే ప్రభుత్వం అందుకోగలిగింది. ఆ మైదానమే లేని చోట ఎందరు నిఖత్‌లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయారో!

2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో మనకు 101 పతకాలు వచ్చాయి. అవినీతి ఆరోపణలూ వాటితోపాటే వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు, గ్రామ పంచాయతీల్లో ఆటస్థలాలు ఏర్పరచుటకు ‘పైకా’ అనే పథకం ఆరంభమైంది. పేరు మారింది, రూపు మారింది, చివరకు ‘ఖేలో ఇండియా’లో కలిసింది. ఇందులో ఏటా వెయ్యి మందిని ఎంపిక చేసి, ఒక్కొక్కరికి ఏడాదికి 5 లక్షల రూపాయల చొప్పున 8 ఏళ్లపాటు తోడ్పాటు ఇస్తామన్నారు. మంచిదే. కానీ వెయ్యిమందిని ఏరడానికి ముందు కోట్లమంది ఆడవలసి ఉన్నది కదా!

మన హైదరాబాద్ సంగతీ ఇంతే. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల పుణ్యమా అని గచ్చిబౌలిలో చక్కని స్టేడియం వెలసింది. పాతబస్తీ పిల్లలకు అది నగరానికి ఆవలి కొస. వారి బడులలో చాలావాటికి కింద దుకాణాలు, పైన ఇరుకు గదులు. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం విస్పష్టంగా చెబుతున్నప్పటికీ పరిస్థితి ఇది. ఇక ఆడపిల్లల విషయంలో స్థలం ఒక్కటే చాలదు. ప్రహరీ, మరుగుదొడ్డి, శిక్షణ ఇచ్చే మహిళ, చీకటి పడకముందే ఇల్లు చేరే వీలు ఉంటే తప్ప ఏ తల్లీ ధైర్యంగా పంపలేదు. పతకాల లెక్కలు చెప్పే విధానాలు ఈ చిన్న విషయాలపై అంత శ్రద్ధ చూపడం లేదని మా అభిప్రాయం.

అదే చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. అహ్మదాబాద్‌లో ఏమేమి కట్టనున్నారో పత్రికలు రోజూ రాస్తూనే ఉంటాయి. మన బడి మైదానం మాట ఎత్తవలసింది మాత్రం ఆ కమిటీలో కూర్చున్న తల్లులు, తండ్రులే.