లోకల్స్‌తో ఒక రోజు... మన కృష్ణపట్నంలో!

యూరప్ ట్రిప్‌కి వెళ్లొచ్చిన ఫ్రెండ్‌ని ‘ఏం నచ్చింది?’ అని అడిగి చూడండి. ఈఫిల్ టవర్ గురించి రెండు నిమిషాలు చెప్తారు. ఇటలీలో ఎవరో పెద్దావిడ వంటింట్లో పాస్తా చేయడం నేర్చుకున్న సంగతి మాత్రం అరగంట చెప్తారు. ‘లోకల్స్‌తో ఒక రోజు’ అన్నది ఇప్పుడు అక్కడ పెద్ద వ్యాపారం. ఎయిర్‌బీఎన్‌బీ 2016లోనే ‘ఎక్స్‌పీరియన్సెస్’ పేరుతో దాన్ని మొదలుపెట్టింది. ఇటలీలోనైతే జాలర్లే టూరిస్టుల్ని తమ పడవల్లో సముద్రం మీదికి తీసుకెళ్తారు. దాని పేరు ‘పెస్కాతురిజ్మో’. చట్టం అనుమతించిన పనే. చేపలు పడని రోజు కూడా ఆ జాలరికి టికెట్ డబ్బులు మిగులుతాయి.

మరి మన తీరంలో? హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకునే నాకు ఈ డౌట్ వచ్చింది. మా టీమ్‌లో ఒకబ్బాయిది నెల్లూరు. వాళ్ల బంధువులు కృష్ణపట్నం దగ్గర ఒక పాలెంలో ఉంటారు. జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా పాతిక కిలోమీటర్లు వెళ్లి, వాళ్లింట్లో దిగాను.

పడవలో సీటు లేదు

తెల్లవారుజామున మూడున్నర. ఒడ్డున ఫైబర్ బోటు. అందులో వలలు, డీజిల్ క్యాను, ఐసు పెట్టె, నలుగురు మనుషులు. ‘నేనూ రావచ్చా బాబాయ్?’ అని అడిగాను.

‘నువ్వొస్తే ఒక మనిషిని దించాల నాయనా. వాళ్లింట్లో ఇయ్యాళ పొయ్యి వెలిగేది ఎట్టా?’ అన్నాడాయన.

బయల్దేరేముందు ఫోన్‌లో ఏదో చూశాడు. చేపలు ఎటువైపు ఉండొచ్చో చెప్పే సమాచారం అది. పంపేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఉపగ్రహాలు సముద్రం పైపొర వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ కొలుస్తాయి. పచ్చదనం ఉన్నచోట చేపల మేత ఉంటుంది, మేత ఉన్నచోటికి చేప వస్తుంది. మనూళ్లో కూర్చుని చేసిన డేటా అనాలిసిస్ ఇక్కడ చీకట్లో ఒక మనిషి చేతిలో వెలుగుతుంటే గర్వంగా అనిపించింది. ‘అయితే నేరుగా అక్కడికే పోతారా?’ అన్నాను. ‘అందరికీ అదే వచ్చుద్ది కదా! అందరం ఒకచోటికే పోతే ఒకరి వల మీద ఒకరు ఏసుకోవాల’ అని నవ్వాడు. ఆ సమాచారాన్నీ, తన అనుభవాన్నీ కలిపి ఆయన దారి ఆయన ఎంచుకున్నాడు.

క్యాలిక్యులేటర్ కంటే ఫాస్ట్

తొమ్మిదిన్నరకి బోటు తిరిగొచ్చింది. మూడు మాగ చేపలు, మిగతావన్నీ కానాగంతలు. ఒడ్డునే వేలం పాట. లెక్కంతా పిన్ని చేతిలో ఉంది. ఆ రోజు 6,800 రూపాయలు వచ్చాయి. డీజిల్, ఐసు ఖర్చు 2,600 తీసేస్తే మిగిలింది 4,200. దాన్ని ఏడు వాటాలు వేశారు. నలుగురు మనుషులకి నాలుగు. బోటుకి, ఇంజనుకి, వలకి ఒక్కోటి. వాటా 600. నేను ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసేలోపే పిన్ని పంచేసింది కూడా.

మూడున్నర నుంచి పదింటిదాకా కష్టపడితే మనిషికి 600. బోటూ ఇంజనూ పాడైతే బాగుచేయించేది ఆ వాటాల్లోంచే. వలకి అప్పిచ్చిన వ్యాపారికే చేపలు అమ్మాలన్న షరతు మన తీరంలో చాలాచోట్ల ఉంది. అలాంటి చోట రేటును తేల్చేది పాట కాదు, పాత అప్పు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మోటారు బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా! ఆ రెండు నెలలూ సర్కారు ఇచ్చే భృతి, అప్పులు, వలల రిపేర్లు. మనం చేపల యాప్‌లో కిలో రేటు చూసి ‘అబ్బో’ అంటామే, ఆ రేటులో ఈ ఒడ్డుకి చేరేది ఎంతో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

రెండు కాలాలు ఒకేచోట

మధ్యాహ్నం కండలేరు వాగు సముద్రంలో కలిసే వైపు నడిచాం. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది. మోకాలిలోతు బురదలో యానాది దంపతులు పీతలు పడుతున్నారు. కాస్త అవతల రొయ్యల చెరువులు. తలెత్తితే పోర్టు క్రేన్లు, నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. 2008లో ఈ పోర్టు మొదలయ్యాక ఊరి రూపమే మారింది. బాబాయ్ వాళ్లబ్బాయి వేటకి వెళ్లడు, లారీ నడుపుతాడు. ‘నెల జీతం వచ్చుద్ది, తెల్లారిందాకా నిద్ర పట్టుద్ది’ అన్నాడు. నెల జీతం మీద బతికే నేను దానికేం బదులు చెప్తాను? బాబాయ్ మాత్రం, ‘వాడి తర్వాత ఈ ఇంట్లో వల ఏసేవాడు లేడు’ అని ఊరుకున్నాడు. బాధ, నిమ్మళం రెండూ ఉన్నాయి ఆ మాటలో.

టికెట్ లేని ఆతిథ్యం

భోజనంలో నిన్నటి చేపల పులుసు. నెల్లూరు పులుసు మర్నాటికే రుచి అని ఊరికే అనరు! తిన్నాక వెయ్యి రూపాయలు ఇవ్వబోతే పిన్నికి కోపం వచ్చింది. ‘ఇంటికొచ్చినోళ్లకి కూడు పెట్టి డబ్బులు తీసుకుంటామా?’

ఇటలీలో జాలరి తీసుకునే టికెట్‌లో చిన్నతనం ఏమీ లేదు. అది అతని పనికి ధర. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు, కాబట్టి మన సరదా ఖర్చు వాళ్ల 600లోంచే పోతుంది. దీనికి దారి పిన్నే చూపించింది. ఆమె ఎండబెట్టి అమ్మే నెత్తళ్లు ఉన్నాయి. ఆఫీసు గ్రూప్‌లో ఫొటో పెడితే పది నిమిషాల్లో ఆర్డర్లు వచ్చాయి. సిటీ రేటుకి ఐదు కిలోలు కొన్నాను. అది బేరం కాబట్టి ఆమె సంతోషంగా తీసుకుంది.

మీరూ వెళ్తారా?

తెలిసినవాళ్ల ద్వారా, ముందే అడిగి వెళ్లండి. వేట రోజులు కావాలంటే నిషేధం లేనప్పుడు, వాతావరణ హెచ్చరికలు చూసుకుని ప్లాన్ చేయండి. పడవ ఎక్కించమని పట్టుబట్టొద్దు. ఫొటో తీసేముందు, ముఖ్యంగా వేలం దగ్గర ఆడవాళ్లని, తప్పకుండా అడగండి. పోర్టు వైపు డ్రోన్ ఎగరేసే ఆలోచనే వద్దు. చేపలు కొంటే వేలం రేటుకే కొనండి, గీచి గీచి బేరమాడొద్దు.

ఇంకొకటి. రాత్రి ఎనిమిదికల్లా పాలెం నిద్రపోతుంది. కబుర్లు ఎంత బాగున్నా ఏడింటికే లేచి బయల్దేరండి. మళ్లీ మూడున్నరకి వాళ్లకి డ్యూటీ ఉంది.